పదికి సున్నా

ప్రియమైన డాక్టరమ్మ గారికి, మీ నాన్న రాసేది,

నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు. అద్దం కింద దువ్వెనలూ కత్తెరలూ పెట్టే చెక్క ఉంది చూడు, వాటన్నిటినీ ఓ పక్కకి తోసి కాగితం పరుచుకున్నాను. షాపులో కుర్చీలన్నీ ఖాళీయే. కానీ కూర్చుంటే ఎడమ తుంటిలో ఎవరో స్క్రూ బిగిస్తున్నట్టు ఉంటుంది. పడుకుంటే లేచి తిరగాలనిపిస్తుంది, తిరిగితే పడుకోవాలనిపిస్తుంది. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే మీ అమ్మ "ఒకచోట కుదురుగా ఉంటావా, లేక నన్నే బయటికి పొమ్మంటావా" అంటోంది. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. ఇంట్లో చేస్తే మీ అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. షాపులో చేస్తే కుర్చీలో కూర్చున్నవాడు సబ్బు నురగలోంచే సలహాలిస్తాడు. నువ్వు హాస్టల్లో ఉన్న రోజుల నుంచీ మన పోట్లాటలన్నీ కాగితం మీదే కదా, ఇదీ అక్కడే తేల్చుకుందాం.

ప్రొస్టేటులో మొదలైన క్యాన్సర్ తుంటి ఎముకలోకి దిగిందని ఆస్పత్రి మేడమ్ చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాను, చెప్పిన రోజుకి వెళుతున్నాను, అందులో నన్నేమీ అనకు. నా గొడవంతా ఆ మార్ఫిన్ మాత్రతో. నొప్పి కాస్త తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు నేనూ తగ్గిపోతున్నాను. మొన్న పోస్టుమాస్టారికి గడ్డం గీస్తూ గొంతు దగ్గర కునికాను. చేతిలో రేజరుంది! ఆయన చూసుకోలేదు, కళ్ళు మూసుకుని హాయిగా పాడుకుంటున్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్ళంతా చెమట్లు పట్టాయి. కత్తి పట్టే చెయ్యి మత్తులో ఉంటే ఇక నేనెందుకు, ఆ షట్టరు దించేసి ఇంట్లో గోడలు లెక్కపెట్టుకోవడమే.

అందుకని నేనో మాట అనుకున్నాను. నీకు మెడ విరవడం నేర్పిందెవరు? కటింగ్ అయ్యాక గిరాకీ గడ్డం పట్టుకుని ఇటు టప్, అటు టప్ అనిపిస్తే, నువ్వు ఆ మూల స్టూలెక్కి చప్పట్లు కొట్టేదానివి. ఆ టప్పే పెద్ద చదువై, కైరోప్రాక్టిక్ అని నోరు తిరగని పేరు పెట్టుకుని, సర్టిఫికెట్టై నీ గోడకి వేలాడుతోంది. ఊళ్ళో వాళ్ళందరి వెన్నులూ సర్దుతావే, కన్నతండ్రి నడుముకి ఒక్క టప్ వెయ్యలేవా? వెయ్యి. మాత్రలు కాలవలో కలిపేస్తాను.

రిపోర్టులూ స్కానులూ పంపమని ఫోన్లో మళ్ళీ సతాయించకు. నా నడుం నాకు తెలుసు.

నిలువుకాళ్ళ మీద,
నీ నాన్న


ప్రియమైన నాన్నకి,

ముందు తిట్టేసి తరవాత మామూలుగా మాట్లాడతాను. మాత్రలు కాలవలో కలిపావంటే నీతో నాకు మాటల్లేవు. రేజరు పట్టుకుని కునికిన సంగతి నాకు కాదు, మేడమ్‌కి చెప్పాలి. మోతాదు మార్చడానికీ వేళ మార్చడానికీ ఆవిడ ఉన్నారు. మాత్ర వేసుకున్న పూట రేజరు ముట్టుకోకు. కత్తెరతో సరిపెట్టుకో, గడ్డాలు పక్క వీధి షాపుకి పంపించు. పోస్టుమాస్టారి గొంతు నీ పౌరుషం కన్నా ముఖ్యం.

ఇక టప్ సంగతి. చచ్చినా వెయ్యను. క్యాన్సర్ దిగిన ఎముక చెదపట్టిన తలుపులాంటిది నాన్నా. రంగు బాగానే ఉంటుంది, గట్టిగా తోస్తే చేతికి ఊడొస్తుంది. నీ తుంటి మీదా నడుము మీదా నేను బలంగా ఒక్కసారి నొక్కానంటే నువ్వు ఇంటికి నడిచి వెళ్ళవు. మోసుకెళ్ళాలి.

అలాగని నేను చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. ఎడమ కాలి మీద బరువు పడకుండా నువ్వు ఒళ్ళంతా కుడి పక్కకి ఒరిగి నిలబడుతున్నావు. పోయిన నెల ఇంటికి వచ్చినప్పుడే చూశాను. అలా నిలబడి రోజంతా తలలు కత్తిరిస్తే కుడి నడుము, వీపు, భుజాలు, మెడ అన్నీ బిగుసుకుపోతాయి. ఒక నొప్పి మీద ఇంకో నొప్పి ఎక్కి కూర్చుంటుంది. ఆ రెండో నొప్పి వరకే నా పని. చేతులతో మెల్లగా నొక్కి, సాగదీసి, కీళ్ళని నెమ్మదిగా కదిలిస్తాను. చప్పుడేమీ రాదు. నువ్వు మొహం మాడ్చుకుంటావని తెలుసు. క్యాన్సర్ మీద నా చేతులకి ఏ అధికారమూ లేదు. నా వైద్యం నీ మాత్రలకి తోడు వస్తుందే కానీ వాటికి బదులు రాదు. ఈ మాట అద్దం మీద సబ్బుతో రాసుకో.

రిపోర్టులు నువ్వు పంపకపోతే నాకు దారి లేదనుకున్నావా? మేడమ్‌నే అడిగాను. నీ స్కాన్లు చూపించారు. మెడ, వీపు పైభాగం శుభ్రంగా ఉన్నాయి. ఎడమ తుంటి జోలికి వెళ్ళకుండా, బలం వాడకుండా చేసుకోమని ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం బస్సెక్కి రా, అమ్మని కూడా తీసుకురా.

ఇంకొక్క మాట. బల్ల మీద పడుకున్నాక నొప్పి పదికి ఎంత అని అడుగుతుంటాను. సున్నా అంటే అసలు లేదని, పది అంటే భరించలేనని. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎక్కడ ఆగాలో నా వేళ్ళకి నీ నోరే చెప్పాలి.

కోపంగా, అయినా ఎదురుచూస్తూ,
నీ కూతురు


ప్రియమైన అమ్మడికి,

నీ దుంప తెగ! ఏం చేశావే? పదికి సున్నా అని బల్ల మీద చెప్పాను కదా, ఊరికి చేరేదాకా అదే సున్నా. బస్సులో మీ అమ్మ భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టి నిద్రపోయానట. స్టాండులో దిగాక ఎవరో వెనక నుంచి పిలిస్తే ఠక్కున తల తిప్పి చూశాను. మీ అమ్మ "అబ్బో, పెళ్ళికొడుకు" అంది.

చప్పుడు లేని వైద్యం ఉప్పులేని కూరే, అందులో నా మాట మార్చను. మొహం పెట్టుకునే బొక్క ఉన్న నీ బల్ల మీద బోర్లా పడుకుని, ఆ బొక్కలోంచి నీ చెప్పులు చూస్తూ, ఇదేం ఖర్మరా బాబూ అనుకున్నాను. కానీ గుణం గుణమే. ఈ వారం మేడమ్ దగ్గరికెళ్ళి "మా అమ్మాయి చెయ్యి వేసింది, నొప్పి పదికి సున్నా" అని గట్టిగా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్నోసారి చూసి, మళ్ళీ పెట్టుకుని, నిజమేనా అంది. నిజమే అన్నాను. అటు నడవమంది, ఇటు నడవమంది. నడిచాను. నువ్వు చేసిందేమిటో అంతా అడిగి రాసుకుంది. మార్ఫిన్ తగ్గించి రాసింది. చూశావా, రేజరు మళ్ళీ నా చేతికి వచ్చింది!

షాపులో ఇప్పుడు నీ మాట తప్ప ఇంకో మాట లేదు. ఎన్నికలూ ఆటలూ అన్నీ పక్కకి పోయాయి. "మా అమ్మాయి నాకు టప్ కూడా వెయ్యలేదు, క్యాన్సర్ వాళ్ళకి వెయ్యనంది, ఊరికే అలా చెయ్యి ఆనించింది, అంతే" అని చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. నోరు తెరిస్తే గడ్డం గియ్యడం కష్టం, అయినా నేనేమీ అనడం లేదు. బ్యాంకు గుమాస్తా నీ అడ్రసు రాసుకెళ్ళాడు. ఎవరి కోసమో చెప్పలేదు.

ఈ ఉత్తరం మధ్యలో చాలాసార్లు ఆపి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. ఊరికే, కాలు నిలవక. ఇంట్లో కూర్చుంటే తోచడం లేదు. మీ అమ్మ నేల అరిగిపోతుందంటోంది. హుషారు ఎక్కువైతే అంతే మరి.

గర్వంతో ఉబ్బిపోతూ,
నాన్న


ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం గదిలో నిలబడే చదివాను, చదివి కుర్చీలో కూలబడి ఏడ్చాను. కంగారు పడకు, మంచి ఏడుపే. సున్నా అంటావని నేను కలలో కూడా అనుకోలేదు. బల్ల ఎక్కేటప్పుడు ఎనిమిదన్నావు, అది ఆరైతే చాలు, రెండు రోజులు నిద్ర పడితే చాలు అనుకున్నాను. మా చదువులో ఎవరూ సున్నా అని మాట ఇవ్వరు. నువ్వు ఆదివారం పదే పదే సున్నా అంటుంటే, అడుగుతున్న నాకే నమ్మకం కుదరలేదు. ఇప్పుడు మేడమ్ ముందు కూడా అదే చెప్పావంటే ఇక నమ్మక ఏం చేస్తాను?

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇంతకుముందు క్యాన్సర్ వాళ్ళు ఎవరొచ్చినా, రిపోర్టులన్నీ సరిగ్గా ఉన్నా, నేను ఏదో సాకు చెప్పి పంపించేసేదాన్ని. భయం. నా చేతికి భయం. నీ తరవాత ఇద్దరిని చూశాను, వాళ్ళ డాక్టర్లతో మాట్లాడే చూశాను. ఒకాయనకి కాస్త తేలికైంది, ఇంకొకావిడకి ఏమీ కాలేదు. అయినా నాకు నిరుత్సాహం రాలేదు. మా నాన్నకి పనిచేసింది కదా అనుకున్నాను.

అసలు వార్త ఇది. మేడమ్ ఫోన్ చేశారు. మన ఊరి ఆస్పత్రిలో నొప్పి కోసమే ఒక వార్డు ఉంది కదా, అక్కడ వారానికి ఒకరోజు నన్ను పెట్టుకునే ఆలోచన ఉందట. అది తేల్చే ఆస్పత్రి కమిటీలో సగం మందికి మా వైద్యమంటే చిన్నచూపు. నీ కేసు చూపించి ఒప్పిస్తానన్నారు. మాత్ర తగ్గించినా నొప్పి సున్నా ఉన్న పేషెంటు, వాళ్ళ కళ్ళ ముందే నడిచిన పేషెంటు, కాదనలేరట. అంటే ప్రతి వారం ఒక రాత్రి మన ఇంట్లోనే పడుకుంటాను నాన్నా. అమ్మకి అప్పుడే చెప్పకు, గదులన్నీ కడగడం మొదలెడుతుంది.

ఈ ఆదివారం తప్పకుండా రా. నొక్కినచోట ఎక్కడా నొప్పి లేదన్నావు కాబట్టి కుడి నడుము కండరాల్లో ఇంకాస్త లోతుగా చేసి చూస్తాను.

నేల మీద కాళ్ళు ఆనక,
నీ కూతురు


అమ్మడికి,

ఈ ఆదివారం కుదరదు. ఒకరి పెళ్ళి ఉంది, వరసగా కటింగులు ఒప్పుకున్నాను. పై వారం కూడా చెప్పలేను. నాకు బాగానే ఉంది కదా, ఇంకా లోతుగా చేసేదేముంది? ఆ వేళలో ఇంకెవరినైనా చూసుకో.

వార్డు సంగతి విని చాలా సంతోషం. కమిటీ ఎప్పుడు? నన్ను మళ్ళీ నడిపిస్తారా? ఎంత దూరం?

మీ అమ్మతో నాకు ఈమధ్య పడటం లేదు. "కూర్చో" అంటుంది, "కూర్చోను" అంటాను, దానికే గొడవ. రేడియో పెడితే విసుగు, ఆపితే విసుగు. గిరాకీలు కూడా "ఏమయింది, ఇవాళ మాట్లాడటం లేదు" అంటున్నారు. రోజూ మాట్లాడటానికి నేనేమైనా టేపు రికార్డరునా?

ఉంటాను,
నాన్న


నాన్నా,

షాపులో ఏం చెప్పావు? ఎవరెవరికి చెప్పావు?

మీ బ్యాంకు గుమాస్తా అక్కగారట, స్కూల్లో పాటలు నేర్పే టీచరు, నిన్న పొద్దున్నే బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. మెడ పట్టేసిందంది. జబ్బులేమైనా ఉన్నాయా అంటే లేవంది. ఆపరేషన్లు? లేవు. మందులు? లేవు. హార్మోనియం ముందు వంగి కూర్చుంటాను కదమ్మా, దానివల్లే అంది. నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. పడుకోబెట్టి ఒక చెయ్యి తల కింద పెట్టి, ఇంకో చెయ్యి గడ్డం కింద పెట్టాను. నువ్వు నేర్పిన టప్పే. తిప్పబోతూ, ముందు భుజం సర్దుదామని చెయ్యి కిందికి జరిపితే కాలరు ఎముక కింద చర్మం లోపల చిన్న బొడిపె తగిలింది. గుండ్రంగా, గట్టిగా, గుండీ అంత. కీమో ఎక్కించడానికి పెట్టే పోర్టు అది.

చెయ్యి తీసేశాను. ఏమిటమ్మా ఇది అంటే కళ్ళు మూసుకుంది. తరవాత ఒక్కసారి ఏడుపు. రొమ్ము క్యాన్సరట. ఆస్పత్రికి వెళ్ళడం మానేసిందట. "సెలూన్ నడిపే మీ నాన్నగారు మాత్రలన్నీ మానేశారట, జబ్బు మీ చేతులతోనే పోయిందట. క్యాన్సరని చెబితే మీరు టప్ వెయ్యరట, అందుకే చెప్పలేదు" అంది. నువ్వు తగ్గించారని చెబితే, అది వీధి దాటేలోపల మానేశారని అయింది. వీధి దాటితే ఏమవుతుందో నీకు తెలియదా? నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, పుట్టిన దగ్గర్నుంచి ఆ షాపులోనే ఉన్నావు!

ఇక్కడి పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. స్కాన్ తీశారు. మెడలో ఒక వెన్నుపూసని క్యాన్సర్ సగం తినేసింది. నేను తిప్పి ఉంటే ఆవిడ మెడ కింద ఏదీ కదిలేది కాదు. అసలు బతికేదే కాదేమో అని అక్కడి డాక్టరు నా మొహం చూడకుండా చెప్పాడు. ఇప్పుడు మెడకి పట్టీ వేసి పడుకోబెట్టారు, రేడియేషన్ మొదలుపెడతారట. మంచం మీంచి నన్నే ఓదారుస్తోంది, "మీ తప్పేం లేదమ్మా" అని.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, అయినా నీకు తగ్గిన మాట నిజమే కాబట్టి నిన్ను అబద్ధాలకోరు అనలేను. నీకు తగ్గింది. అందరికీ తగ్గదు. ఎవరికీ క్యాన్సర్ పోదు. రేపట్నుంచి కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ ఈ మాట చెప్పు. కమిటీ వచ్చే గురువారం. నువ్వు రావాలని మేడమ్ అడుగుతున్నారు. రా. కనీసం అక్కడైనా నా మాట సరిగ్గా చెప్పు.

నీ కూతురు


అమ్మడూ,

కోపంగానే చదువు, కానీ చివరిదాకా చదువు.

నాకు నొప్పి సున్నా కాలేదు. ఒక్క క్షణం కూడా కాలేదు.

ఆ ఆదివారం నేను బల్ల మీద బోర్లా పడుకున్నాక నువ్వు నా భుజం మీద చెయ్యి వేశావు. నీ చెయ్యి వణికింది. నీకు తెలుసో లేదో, నా వీపుకి మాత్రం తెలిసింది. బొక్కలోంచి చూస్తే నీ కాలివేళ్ళు కూడా చెప్పుల్లో ముడుచుకుని ఉన్నాయి. "ఎంత నాన్నా?" అని అడిగావు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసి వచ్చి అడిగే గొంతు అది. నేను సున్నా అన్నాను. అదీ జరిగింది.

మా పనిలో ఓ పద్ధతి ఉంది. నేను కత్తి పట్టడం నేర్చుకునేటప్పుడు మా గురువు తన గడ్డమే నాకు అప్పజెప్పాడు. చెవి కింద తెగ్గోశాను. రక్తం కారి గుడ్డ మీద పడుతోంది, ఆయన కదల్లేదు, కళ్ళు తెరవలేదు, "బాగుందిరా, కానీ" అన్నాడు. కుర్చీలో ఉన్నవాడు ఉలిక్కిపడితే నేర్చుకునేవాడి చెయ్యి జన్మలో కుదురుకోదు. తరవాత నా దగ్గర నేర్చుకున్న వాళ్ళందరికీ నేనూ అదే అన్నాను, నా గడ్డం నిండా వాళ్ళ గుర్తులే. వణికే చేతికి ఏం చెప్పాలంటే నాకు తెలిసింది ఆ ఒక్క మాటే. నీకూ అదే చెప్పాను. షాపులో అది తెగిన చర్మంతో పోతుంది. నీ బల్ల మీద ఎంత దూరం పోతుందో నాకు తట్టలేదు.

ఒకసారి చెప్పాక ఇక వెనక్కి రాలేకపోయాను. బస్సెక్కుతూ మీ అమ్మకి అదే చెప్పాను. మేడమ్‌కి వేరే చెబితే నీ పరువేం కావాలి? అక్కడ పళ్ళు బిగబట్టి నడిచాను, ఆ నాలుగడుగులకే చొక్కా తడిసింది. మాత్ర తగ్గించేసరికి నరకం మొదలైంది. రేజరు చేతికొచ్చిందని రాశాను కదా, వచ్చింది, నిలబడలేని వాడికి వచ్చింది. షాపులో అడిగినవాడికీ అడగనివాడికీ గొప్పలు చెప్పాను. చెప్పేకొద్దీ నేనే నమ్ముతానేమోనని ఆశ. నువ్వు వార్డు సంగతి రాశావు చూడు, ఆ ఉత్తరం పట్టుకుని పెరట్లో ఎంతసేపు తిరిగానో. వారం వారం నువ్వు ఇంటికి వస్తావట. నోరు విప్పితే అది పోతుంది. నోరు మూసుకుంటే నువ్వు ఇంకా లోతుగా నొక్కుతానన్నావు. అందుకే పెళ్ళి కటింగులని బొంకాను.

ఆ టీచరమ్మ నీకు జబ్బు లేదని చెప్పింది, నేను నొప్పి లేదని చెప్పాను. ఇద్దరం ఒకటే పని చేశాం. ఆవిడ గతిలేక చేసింది, నేను నీ మీది ప్రేమనుకుని చేశాను. ప్రేమైతే ఏం, ఆవిడ మెడ నా నోట్లోంచి వచ్చిన మాట మీద నీ చేతుల్లోకి వచ్చింది. తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

ఈ పొద్దున మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. మాత్రలు మళ్ళీ పూర్తిగా రాసింది, పగటి మత్తు తగ్గేలా వేళలు మార్చింది. ఎముక నొప్పికి ఒకటి రెండు సార్లు రేడియేషన్ ఇస్తే తగ్గొచ్చంది. అది ఇన్నాళ్ళూ ఇవ్వలేదేం అని నేనడిగితే, సున్నా ఉన్నవాడికి ఎవరిస్తారయ్యా అంది. గురువారం కమిటీకి నా కేసు పెట్టనని చెప్పింది. నీ గురించి అడిగాను. తరవాతి పేషెంటుని పిలిచింది. అక్కడ్నుంచి బ్యాంకు గుమాస్తా ఇంటికి వెళ్ళాను. అతను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు, లోపలికి రమ్మనలేదు. అది నాకు రావలసిందే. షాపులో గడ్డాలు మానేశాను, కత్తెర పని మటుకే. కూర్చున్న ప్రతివాడికీ నేను అబద్ధం చెప్పానని చెబుతున్నాను. కొందరు నమ్మడం లేదు. మొదటిదే బాగుంది మాస్టారూ అంటున్నారు.

ఇక నిజం. బల్ల ఎక్కినప్పుడు ఎనిమిది. దిగినప్పుడు ఆరు. తుంటి సంగతి ఏమీ మారలేదు, మెడా భుజాలూ మాత్రం వదులయ్యాయి. బస్సులో నిద్రపోయానని రాసింది నిజం. తల తిప్పి చూశానని రాసింది కూడా నిజం. రెండు రోజులకి మళ్ళీ ఎనిమిది. నువ్వు కుడి భుజం పట్టి నొక్కినప్పుడు మాత్రం ప్రాణం పోయింది, తొమ్మిది. నేను సున్నా అన్నది సరిగ్గా అప్పుడే.

నన్ను క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

మీ నాన్న


నాన్నా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మూడు జవాబులు రాసి చించేశాను. ఒకదాంట్లో ఇక నీ ఒంటి మీద చెయ్యి వెయ్యనని రాశాను.

నేను నీ సున్నా పట్టుకుని ఇంకో ఇద్దరి వీపుల మీద చెయ్యి వేశాను నాన్నా. నాకు ధైర్యం ఇచ్చాననుకున్నావు. నువ్విచ్చిన ధైర్యంతోనే ఆ టీచరమ్మని ఇంకో ప్రశ్న అడక్కుండా పడుకోబెట్టాను. గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, భయం ఉన్న రోజుల్లోనైతే ముందే మెడంతా తడిమి చూసేదాన్ని. నా భయాన్ని నువ్వు తీసేశావు. అది నాకు అవసరం. మళ్ళీ తెచ్చుకున్నాను, ఇక ఎవరికీ ఇవ్వను.

గురువారం కమిటీకి నేనే వెళ్ళాను. మేడమ్ వద్దన్నా వెళ్ళాను. ఎనిమిది ఆరైందని, రెండు రోజులు నిలిచిందని, పేషెంటు మా నాన్నేనని, నాకు అబద్ధం చెప్పాడని చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఇప్పటికి వద్దన్నారు. ఏడాది పోయాక, ఇంకొంతమందిని సరిగ్గా చూశాక రమ్మన్నారు. ఏడుపొచ్చింది, వాళ్ళ ముందు ఏడవలేదు. మెట్ల మీద ఏడ్చాను. అక్కణ్ణుంచి మన వీధి ఎంత దూరమని? అయినా ఇంటికి రాకుండా తిరుగు బస్సెక్కేశాను. నీ మొహం చూస్తే ఏమంటానో నాకే తెలియలేదు.

టీచరమ్మ లేచి కూర్చుంటోంది. నువ్వెలా ఉన్నావని అడిగింది. ఆవిడే అడిగింది, నేను నీ మాట ఎత్తలేదు.

వార్డు లేకపోతే పోయింది, ఆదివారం నేనే వస్తున్నాను. నువ్వు బస్సుల్లో కుదుపులు తినొద్దు. మంచం మీద గట్టి పరుపు వెయ్యమని అమ్మకి చెప్పు. ముందు మేడమ్ రాసిన మాత్ర వేసుకో, తరవాతే నేను చెయ్యి వేస్తాను. కుడి భుజం దగ్గర మొదలుపెడతాను. నా చెయ్యి వణుకుతుంది. నాన్న వీపు కదా, వణక్క ఏమవుతుంది? వణకనీ. నువ్వు ఉలిక్కిపడు, తిట్టు, వీధంతా వినపడేట్టు అరిచెయ్. అరిస్తే నా చెయ్యి ఆగుతుంది కానీ పారిపోదు.

ఎంత అని అడుగుతాను. ఎంతుంటే అంత చెప్పు.

నీ కూతురు